రౌటరుకు తగిన అడాప్టరు

పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతియందు చేసిన ప్రసంగ పాఠము



మీ పంచాయతీ కార్యాలయమున గోడకు బిగించియో, బల్లపై నుంచియో ఒక చిన్న పెట్టె యుండును. దాని ముఖమున పచ్చని దీపములు మినుకుమినుకుమనుచుండును. ఆ పెట్టె నుండి ఒక సన్నని తీగ వెడలి, విద్యుత్ సాకెట్టుకు తగిలించిన నల్లని దిమ్మను చేరును. పెట్టెను గూర్చి మీకు చెప్పినవారు పలువురుందురు. దిమ్మను గూర్చి చెప్పినవారు ఉండియుండరు. దానినే అడాప్టరు అందురు. నేడు మేము చెప్పదలచినదంతయు ఆ అడాప్టరును గూర్చియే.

ఇంత చిన్న వస్తువుకు ఒక ప్రసంగమా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. అయినను ఒక్కసారి లెక్క చూడుడు. ఆప్టికల్ ఫైబరు అను గాజు తంతి ద్వారా గ్రామ పంచాయతీలకు ఇంటర్నెట్టును చేర్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011 అక్టోబరులో ఆమోదించినది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టిరి. దేశములోని సుమారు రెండున్నర లక్షల పంచాయతీలను కలుపుట దాని ఆశయము. ఆ 2015లోనే మన రాష్ట్రమున ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ ఏర్పడినది. పొరుగున తెలంగాణమున మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకై త్రవ్విన కందకములలోనే ఈ తంతికిని మార్గము వేసిరి. 2019 అక్టోబరు 2వ తేదీన మన గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ వచ్చినది. పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు, చెల్లింపులు ఆ మార్గమున నడుచుచున్నవి. ఇన్ని వందల మైళ్ల తంతి, ఇంత వ్యయము, ఇంతమంది శ్రమ తుట్టతుదకు మీ గదిలోని ఆ నల్లని దిమ్మ వద్దకు వచ్చి నిలుచుచున్నవి. అది చెడిన దినమున మీ ఊరికి సంబంధించినంతవరకు తంతి వేయనట్లే.

చెడుట పెద్ద ఆపద కాదు. చెడిన దాని స్థానమున చేతికందిన మరియొక దిమ్మను తగిలించుటయే ఆపద.

మేము గ్రామములలో తిరుగునప్పుడు విన్న ఒక ఉదంతమును చెప్పెదము. ఊరి పేరుతో పనిలేదు. మే నెలలో ఒకనాటి ఉదయమున కార్యాలయములోని పెట్టె దీపములన్నియు ఆరిపోయినవి. అచ్చటి సిబ్బందిలో ఒక యువకుడు, అడాప్టరు పోయినదని సరిగనే గ్రహించినాడు. ల్యాప్‌టాప్‌నకు వాడు చార్జరు ప్రక్కనే యున్నది. దాని పిన్ను పెట్టె రంధ్రములో చక్కగా దూరినది. “పట్టిందండీ, సరిపోయినట్టే” అని సర్పంచి గారితో అన్నాడట. దీపములు ఒక్క క్షణము వెలిగి ఆరినవి. వెంటనే కాలిన వాసన వచ్చినది. పెట్టెకు కావలసినవి 12 వోల్టులు. ల్యాప్‌టాప్ చార్జరు ఇచ్చినవి 19.

అడాప్టరు మాత్రమే పోయియుండిన, కొన్ని వందల రూపాయలతో సాయంకాలమునకు పట్టణము నుండి తెచ్చుకొనగల వస్తువది. ఫైబరు చివర నుండు పెట్టె అట్టిది కాదు. దానిని ఓ.ఎన్.టి. అందురు. ప్రతి ఓ.ఎన్.టి.కిని ఒక సంఖ్య యుండును. సేవ నందించు సంస్థవారు ఆ సంఖ్యను తమ కేంద్రములోని యంత్రమున నమోదు చేసికొందురు. మీరు బజారులో మరియొక పెట్టెను కొని తగిలించినను కేంద్రము దానిని గుర్తింపదు. సంస్థ మనిషి రావలెను, పెట్టె తేవలెను, సంఖ్య నమోదు కావలెను. ఆ ఊరిలో ఇందుకు తొమ్మిది దినములు పట్టినవి. ఆ తొమ్మిది దినములును ధ్రువపత్రములకై వచ్చినవారు కూలి మానుకొని మండల కేంద్రమునకు బస్సెక్కిరి. కళాశాల ప్రవేశమునకు రెండు దినములే గడువుండిన బాలిక యొకతె తండ్రితో గూడ రెండు మారులు తిరిగినదట. చార్జరు తగిలించిన యువకుని మేము తప్పుపట్టుట లేదు. రంధ్రములో పిన్ను దూరిన సరిపోయినట్లే యని అనుకొనుట మనుష్య స్వభావము. చీటీ చదువుట అతనికి ఎవరును నేర్పలేదు.

అసలీ దిమ్మ చేయు పని యేమి? మీ ఊరి చివర కంబములపై నున్న ట్రాన్స్‌ఫార్మరును మీరెరుగుదురు. 11,000 వోల్టులతో వచ్చిన విద్యుత్తును అది ఇండ్లకు పనికివచ్చు 230 వోల్టులకు దించును. అడాప్టరు దాని తరువాతి మెట్టు. 230ని 5కో, 9కో, 12కో దించును. అంతటితో ఆగదు. మన యిండ్లకు వచ్చునది సెకనుకు 50 మారులు ముందువెనుకల కూగు ఏకాంతర ప్రవాహము, అనగా ఎ.సి. రౌటరులోని సున్నితమైన భాగములకు కావలసినది ఒకే దిక్కున పారు ఏకముఖ ప్రవాహము, అనగా డి.సి. ఈ మార్పును గూడ అడాప్టరే చేయును. 1882లో న్యూయార్కు నగరమున ఎడిసన్ స్థాపించిన విద్యుత్ కేంద్రము డి.సి.నే పంచినది. దానిని దూరమునకు పంపుట కష్టమైనందున, ట్రాన్స్‌ఫార్మరుతో సులభముగ పెంచుటకును దించుటకును వీలైన ఎ.సి.యే లోకమంతట నిలిచినది. నేడు ప్రతి యింటను నాలుగైదు దిమ్మలు గోడల నంటిపెట్టుకొని ఆ ఎ.సి.ని మరల డి.సి.గ మార్చుచున్నవి. ఎడిసన్ చూచియుండిన సంతోషించెడివాడేమో!

ఇక ముఖ్య విషయమునకు వచ్చెదము. వోల్టు వేరు, ఆంపియరు వేరు. చదువుకొన్నవారు సైతము తడబడు చోటు ఇదియే. దీనిని చెప్పుటకు మీ మంచినీటి ట్యాంకు కంటె మంచి ఉదాహరణము మాకు దొరకలేదు.

ట్యాంకు ఎంత ఎత్తున నున్నదో అంత ఒత్తిడితో నీరు కుళాయికి వచ్చును. ఆ ఒత్తిడి వంటిదే వోల్టు. ట్యాంకు నుండి ఊరిలోనికి వచ్చు ప్రధాన గొట్టము ఎంత లావో, అంత నీరు ఎడతెగక ఇయ్యగలదు. అడాప్టరుపై వ్రాసిన ఆంపియర్లు ఆ గొట్టపు లావు వంటివి. ఇప్పుడు ఆలోచింపుడు. ట్యాంకును ఉన్న ఎత్తునకు రెండింతలు లేపిన యెడల ఏమగును? కీళ్లవద్ద గొట్టములు చీలును, కుళాయిల వాషర్లు ఎగిరిపోవును. ఎత్తు తగ్గించిన యెడల ఊరి చివరనున్న కాలనీకి నీరెక్కదు. కనుక ఎత్తు సరిగ నుండవలెను. గొట్టము మాటయో? నాలుగంగుళముల గొట్టము బదులు ఆరంగుళముల గొట్టము వేసినందున ఎవరి కుళాయియు పగులదు. కుళాయి తనకు కావలసినంత నీటినే తీసికొనును. గొట్టము సన్నమైనప్పుడు మాత్రము, ఉదయము అందరును ఒకేసారి కుళాయిలు విప్పగనే ఒత్తిడి పడిపోవును.

అడాప్టరు సంగతియు సరిగ నిట్టిదే. పెట్టెపై వ్రాసిన వోల్టులు ఎన్నియో, అడాప్టరు అన్నియే ఇయ్యవలెను. హెచ్చు పనికిరాదు, తక్కువ పనికిరాదు. ఆంపియర్లు మాత్రము పెట్టెకు కావలసినన్ని గాని, అంతకు హెచ్చు గాని ఉండవచ్చును, తక్కువ కారాదు.

5 ఆంపియర్ల అడాప్టరును 1 ఆంపియరు రౌటరుకు తగిలించిన అది కాలిపోవునని భయపడువారు మాకు పలుచోట్ల తటస్థించినారు. ఈ భయము నిరాధారము. సి.సి. కెమెరాల పెట్టెకు వాడు 12 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టరు, నాణ్యము గలదైనచో, 12 వోల్టుల 1 ఆంపియరు రౌటరుకు చక్కగా పనిచేయును. పిన్నును, ధ్రువములును సరిపడవలెను; వానిని గూర్చి ముందు చెప్పెదము. ఇట్లు అకారణముగ భయపడువారే, 9 వోల్టుల రౌటరుకు 12 వోల్టుల అడాప్టరును “మూడే గదా తేడా” యని తగిలించుచున్నారు. భయపడవలసిన చోటు అది. కొన్ని రౌటర్లలో కొంత హెచ్చుతగ్గులకు ఓర్చుకొను ఏర్పాటు ఉండునన్న మాట నిజమే. ఏ పెట్టెలో నున్నదో, ఎంతవరకున్నదో పైకి కనబడదు. కనుక దానిని నమ్మి పంచాయతీ సొత్తును పరీక్షకు పెట్టరాదు.

12 వోల్టుల పెట్టెకు 9 వోల్టులు ఇచ్చినప్పుడు చిత్రము జరుగును. తరచు దీపములు వెలుగును. చూచువారు పనిచేయుచున్నదని సంతోషింతురు. కాని వైఫై నిలువదు, పెట్టె దానంతట అదే ఆరి మరల వెలుగుచుండును. నేరము ఇంటర్నెట్టుపై పడును. ఆంపియర్లు చాలనప్పుడును ఇదే జరుగును. ఉదయము ఎనిమిది గంటలకు, కార్యాలయము ఖాళీగ నున్నప్పుడు, అంతయు బాగుగ నుండును. పది గంటలకు నలుగురు ఉద్యోగులును, పదిమంది ప్రజలును వచ్చి ఫోనులు తెరువగనే పెట్టె తడబడును. చాలని అడాప్టరు తాను గూడ వేడెక్కి, ఏదో యొకనాడు పూర్తిగ నిలిచిపోవును.

ఓ.ఎన్.టి. ఒకటి, రౌటరు ఒకటి వేరువేరుగ నున్న కార్యాలయములలో, రెండింటికిని ఒకే అడాప్టరు నుండి చీలిక తీగతో విద్యుత్తు ఇచ్చు అలవాటు కలదు. రెండును ఒకే వోల్టువైన చేయవచ్చును. కాని ఆంపియర్లను కూడవలెను. ఒకటి 1 ఆంపియరు, రెండవది 1.5 ఆంపియర్లు కోరునప్పుడు, అడాప్టరు 2.5కు తక్కువ కారాదు.

ఇక చీటీ చదువుట. అడాప్టరు వీపున మిక్కిలి చిన్న అక్షరములతో ఒక చీటీ యుండును. మాలో కొందరికి అద్దములు లేక అది కనబడదు. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూచుట సులభము. చీటీపై రెండు పంక్తులు ముఖ్యము. మొదటిది ఇన్‌పుట్, అనగా గోడ నుండి లోనికి వచ్చునది. అచ్చట సాధారణముగ 100 నుండి 240 వోల్టులు, 50 లేక 60 హెర్ట్‌జులు అని యుండును. ప్రక్కన అల వంటి చిన్న గీత ఎ.సి.కి గుర్తు. ఈ పంక్తిలోనే 0.3 అనియో 0.5 అనియో కొన్ని ఆంపియర్లు గూడ ఉండును. అవి మనకు కావలసినవి కావు. పలువురు ఆ పంక్తినే చదివి “ఇది అర ఆంపియరుదే, చాలదు” అని మంచి అడాప్టరును ప్రక్కన పెట్టుదురు. రెండవ పంక్తి అవుట్‌పుట్. పెట్టెకు పోవునది ఇదియే. 12 వోల్టులు, 1 ఆంపియరు అని యుండును. నడుమ ఒక నిండు గీత, దాని క్రింద మూడు చిన్న తునుకల గీత యున్న అది డి.సి. గుర్తు. అవుట్‌పుట్ పంక్తిలో సైతము అల గీతయే యున్నచో, ఆ అడాప్టరు వోల్టులను దించునే గాని ఎ.సి.ని మార్చదు, రౌటరు దాపునకు దానిని తీసికొనిపోరాదు.

కొన్ని చీటీలపై ఆంపియర్లకు బదులు మిల్లీ ఆంపియర్లు వ్రాయుదురు. వేయి మిల్లీ ఆంపియర్లు ఒక ఆంపియరు. 600 మిల్లీ ఆంపియర్లనగా 0.6 ఆంపియరు. ఒకచోట ఒక సభ్యుడు, 600 అని వ్రాసియున్నది 1 అని వ్రాసియున్నదాని కంటె గొప్పది గదా యని మమ్మడిగినారు. అంకె మాత్రము చూచిన ఎవరికైనను అట్లే తోచును.

మరికొన్నిటిపై వాట్లు వ్రాసియుండును. వోల్టులను ఆంపియర్లతో గుణించిన వాట్లు వచ్చును. వాట్లు సమానమైనంత మాత్రమున జత కుదిరినట్లు కాదు. 9 వోల్టుల 2 ఆంపియర్లును 18 వాట్లే, 12 వోల్టుల 1.5 ఆంపియర్లును 18 వాట్లే. ఒకదాని స్థానమున మరొకటి పనికిరాదు.

పెట్టెకు ఏమి కావలెనో పెట్టెపైననే యుండును. వెనుక పిన్ను రంధ్రము చెంతనో, అడుగున చీటీపైనో చూడుడు. జ్ఞాపకమున్నదని అనుకొనకుడు. ఇండ్లలో వాడు చిన్న రౌటర్లలో 9 వోల్టులవి కలవు, 12 వోల్టులవి కలవు, 5 వోల్టులవి గూడ కలవు. పైకి చూచుటకు అన్నియు ఒకే పోలిక.

ధ్రువముల మాట. మోటారు నడిపించు రైతులకు ఇది వెంటనే బోధపడును. మూడు ఫేజుల మోటారుకు రెండు తీగలు తారుమారైన అది వెనుకకు తిరుగును, నీరు సరిగ పడదు. తీగలు మార్చిన సరిపోవును. రౌటరు అంత సహనము గలది కాదు. డి.సి.లో ధనము, ఋణము అను రెండు కొసలు కలవు. అడాప్టరు పిన్నుకు లోపల రంధ్రమొకటి, వెలుపల గొట్టమొకటి యుండుట మీరు చూచియుందురు. లోపలిది ఒక కొస, వెలుపలిది ఇంకొకటి. చీటీపై మధ్యన ఒక చుక్క, దాని చుట్టును ఒక ప్రక్క తెరచిన వలయము, రెండు వైపుల + గుర్తు, − గుర్తు గల చిన్న బొమ్మ యుండును. చుక్కతో కలిసిన గుర్తు + అయిన లోపలిది ధనము. రౌటర్లలో అధిక సంఖ్యాకములు ఇట్టివే. కాని అన్నియు ఇట్టివే కావు. పెట్టెపై బొమ్మయు, అడాప్టరుపై బొమ్మయు ఒకటే కావలెను. కొన్ని పెట్టెలలో తారుమారును అడ్డుకొను భాగముండును. అది లేనివి క్షణములో చెడును.

పిన్ను కొలత చివరి విషయము, అందరును మొదట చూచు విషయము! సర్వసాధారణమైన పిన్ను వెలుపలి కొలత 5.5 మిల్లీమీటర్లు. లోపలి రంధ్రము కొన్నిటికి 2.1, కొన్నిటికి 2.5 మిల్లీమీటర్లు. 2.1 రంధ్రము గలది 2.5 ముల్లుపై ఎక్కదు. 2.5 రంధ్రము గలది 2.1 ముల్లుపై ఎక్కును గాని వదులుగ నుండి, బల్ల కదలినప్పుడెల్ల పెట్టె ఆరి వెలుగును. ఈ 5.5 కొలతయే 5 వోల్టుల దానికి, 9 వోల్టుల దానికి, 12, 19, 24 వోల్టుల వానికి గూడ వాడుదురు. తయారుదారులు ఒక్కొక్క వోల్టుకు ఒక్కొక్క కొలత నిర్ణయించుకొనియుండిన, మేము పైన చెప్పిన ఊరి పెట్టె కాలియుండెడిది కాదు. అట్లు జరుగలేదు, కనుక పిన్ను దూరుట దేనికిని సాక్ష్యము కాదు.

పాత బరువైన అడాప్టర్లను గూర్చి ఒక మాట. లోపల ఇనుప రేకుల ట్రాన్స్‌ఫార్మరు గల ఆ రకములలో పలువాటికి వోల్టును నిలకడగ నుంచు ఏర్పాటు లేదు. 9 వోల్టులని వ్రాసియున్నను, భారము లేనప్పుడు మీటరుపై 12కు పైగ చూపవచ్చును. పాత రేడియోకు అది చాలును. నేటి రౌటరుకు, చీటీలు సరిపోయినను, దానిని వాడకుండుట మేలు. ఇప్పటి తేలిక రకము 100 వోల్టుల నుండి 240 వరకు ఏది వచ్చినను ఒకే వోల్టును బయటకిచ్చును. కనుక సాయంకాలపు లో-వోల్టేజీ వలననే రౌటరు చెడుచున్నదని నిందించుట తరచు సరికాదు. న్యూట్రల్ తీగ తెగి ఇంటిలోనికి హెచ్చు వోల్టు వచ్చినప్పుడును, పిడుగు పడినప్పుడును మాత్రము ఏ అడాప్టరును తట్టుకొనలేదు. గాజు తంతి విద్యుత్తును మోయదు; పిడుగుపాటు పెట్టెను చేరునది ఎక్కువగ సాకెట్టు మార్గముననే. ఉరుములు మొదలుకాగనే ప్లగ్గును ఊడదీయుటకు ఒకరికి బాధ్యత అప్పగింపుడు.

పెట్టె పనిచేయనప్పుడు అడాప్టరుదే తప్పని నిశ్చయించుటకు ముందు దీపములను చూడుడు. ఓ.ఎన్.టి.పై లాస్ అను దీపము ఎర్రగ వెలుగుచున్న, తప్పు తంతి దారిలో నున్నది. అడాప్టరును ముట్టవలదు, సంస్థకు చెప్పుడు. ఏ దీపమును వెలుగనప్పుడు సాకెట్టును, స్విచ్చును చూచి, పిదప అడాప్టరును అనుమానింపుడు. దీపములన్నియు ఆరి మరల మొదటి నుండి వెలుగుచుండిన అడాప్టరు ముసలిదైయుండవచ్చును. లోపలి కెపాసిటర్లు వేడికి ఏండ్ల తరబడి ఎండి, బలము కోల్పోవును. అట్టి దానిని ఎలక్ట్రీషియను మీటరుతో చూచిన సరిగ 12 చూపును! పెట్టెను తగిలించి భారము పడగనే పడిపోవును. “మీటరు బాగున్నదన్నది, పెట్టె చెడినది” అను తీర్పు పలుమారులు ఇట్లే వెలువడును. అదే వోల్టు, తగిన ఆంపియర్లు గల వేరొక మంచి అడాప్టరుతో చూచిన పిదపనే పెట్టెపై తీర్పు చెప్పవలెను.

కరెంటు పోయినప్పుడు ఇంటర్నెట్టు నిలుచుటకై పలు పంచాయతీలు రౌటరు యు.పి.ఎస్. అను చిన్న బ్యాటరీ పెట్టెను కొనుచున్నవి. మంచి పనియే. దాని అవుట్‌పుట్ వోల్టు గూడ రౌటరుతో సరిపోవలెను. కొన్నిటికి 9, 12 అను రెండు రంధ్రములు ప్రక్కప్రక్కనే యుండును. పాత అడాప్టరునే దానికి తగిలించువారు ఒక సంగతి గమనింపవలెను. ఆ అడాప్టరు ఇప్పుడు రౌటరును నడుపుచునే బ్యాటరీని గూడ నింపవలసియుండును. రౌటరుకు సరిగ సరిపోయిన 1 ఆంపియరు దీనికి చాలకపోవచ్చును.

మేడపై యాంటెన్నాలు, కూడలిలో కెమెరాలు పెట్టుకొన్న ఊళ్లవారికి ఇంకొక హెచ్చరిక. ఇవి విద్యుత్తును, సమాచారమును ఒకే నెట్‌వర్క్ తీగ ద్వారా తీసికొనును. దీనిని పి.ఓ.ఇ. అందురు. 2003లో వచ్చిన ప్రమాణము ననుసరించు పరికరములు ఎదుటి పెట్టె విద్యుత్తును కోరునదో కాదో పరీక్షించి పిదపనే సుమారు 48 వోల్టులను పంపును. 24 వోల్టుల సామాన్య రకములు కొన్ని ఏ పరీక్షయు లేక పంపును. యాంటెన్నా అడాప్టరుపై రెండు రంధ్రములుండును. ఒకటి యాంటెన్నాకు, ఒకటి రౌటరుకు. తీగలు తారుమారైన ఆ 24 వోల్టులు రౌటరులోనికో, కంప్యూటరులోనికో పోవును. ఏ తీగ ఎచ్చటిదో రంగు కాగితము అంటించుట పది నిమిషముల పని.

కొనునప్పుడు చూడవలసినది బి.ఐ.ఎస్. గుర్తు. ఎలక్ట్రానిక్ వస్తువులకు నిర్బంధ రిజిస్ట్రేషను ఏర్పాటు 2012లో మొదట వెలువడి, 2014లో అడాప్టర్లకు విస్తరింపబడినది. గుర్తు చెంత ప్రమాణ సంఖ్యయు, ఆర్ అక్షరముతో మొదలగు రిజిస్ట్రేషను సంఖ్యయు ఉండును. బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో ఆ సంఖ్యను వేసిన తయారుదారు పేరు కనబడును. దుకాణదారు ఎదుటనే ఈ పని చేయవచ్చును. మంచి దుకాణదారు విసుగుకొనడు. చీటీ లేని అడాప్టరును ఎంత చవుకగ వచ్చినను కొనవలదు. అందులో ఎన్ని వోల్టులున్నవో అమ్మినవానికి గూడ తెలియదు.

మరి మీ కార్యాలయమున ఇప్పుడు చేయదగినది. పంచాయతీ, పాఠశాల, అంగన్‌వాడీ, ఎక్కడెక్కడ ఇట్టి పెట్టెలున్నవో చూచి, ప్రతి పెట్టెకు కావలసిన వోల్టును, ఆంపియర్లను, ధ్రువముల గుర్తును స్టాకు రిజిస్టరులో పెట్టె పేరునకు ఎదుట వ్రాయించుడు. అడాప్టరుకు తెల్లని ప్లాస్టరు చుట్టి “ఓ.ఎన్.టి. – 12 వోల్టులు” అని తెలుగున పెద్ద అక్షరములతో వ్రాయుడు. కార్యాలయపు ఓ.ఎన్.టి.కి సరిపోవు అడాప్టరు నొకదానిని అదనముగ కొని, ఒకమారు తగిలించి నడిచినదని చూచి, బీరువాలో నుంచుడు. చెడిన అడాప్టర్లను అదే బీరువాలో దాచువారు పలువురు కలరు. అవసరమునాడు చీకటిలో చేతికి వచ్చునది అదియే యగును. చెడిన దాని తీగను వెంటనే కత్తిరించి, వేరే సంచిలో వేసి, ఎలక్ట్రానిక్ వ్యర్థములను తీసికొనువారికి అప్పగింపుడు.

మీలో ఎవరైన తమ కార్యాలయపు అడాప్టరును వెంట తెచ్చియున్న, దాని చీటీని ఇప్పుడే ఇచ్చట చదివి చూతము.